ఎలుగులు తిరిగే గుట్టల దగ్గరికి కుక్కతో: తాడు మీ చేతిలో, టెంటు బండలకు దూరంగా

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. సొంతూరు అనంతపురం జిల్లా. వచ్చే నెల లాంగ్ వీకెండ్‌కి రామనగర వైపు గుట్టల పక్కన ఉన్న ఒక ప్రైవేటు తోటలో రెండు రాత్రులు టెంటు వేసుకోవాలని ఉంది. నేను, నా భార్య, ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ లాబ్రడార్. కుక్క బరువు 28 కిలోలు. తోట యజమాని "అప్పుడప్పుడు ఎలుగు తిరుగుతుంది, ఏమీ చేయదు" అన్నాడు. మా మామగారేమో "కుక్కని టెంటు బయట కట్టేయండి, ఎలుగు దరికి రాదు" అంటున్నారు. నెట్లో చూస్తే అమెరికా వాళ్ళు స్ప్రే కొనమంటారు, గంట కట్టమంటారు, తిండి చెట్టుకు వేలాడదీయమంటారు. వీటిలో మనకు పనికొచ్చేవి ఏవి? అసలు కుక్కని తీసుకెళ్ళొచ్చా?

జవాబు: తీసుకెళ్ళొచ్చు. మీ మామగారు చెప్పిన పని మాత్రం చేయకండి. ఎలుగు సంగతి తర్వాత, ముందు చిరుత ఉంది. బన్నేరుఘట్ట నుంచి రామనగర, మాగడి మీదుగా తుమకూరు గుట్టల దాకా చిరుతలు తిరుగుతాయి. ఊళ్ళ అంచున వాటికి సులువుగా దొరికే తిండి కుక్కే. విడిగా ఉన్న కుక్క కనీసం పరుగెత్తుతుంది, కట్టేసిన కుక్కకు ఆ దారి కూడా లేదు. మీరు కాపలా అనుకుని కట్టేది అక్కడ ఎర అవుతుంది.

మామగారి మాట పల్లె లెక్కలో తప్పేం కాదు. కళ్ళం దగ్గర నాలుగైదు ఊరకుక్కలు ఉంటే, అవి ఒకదానికొకటి తోడుగా మొరుగుతాయి, ఎంత దూరం వెళ్ళాలో ఎప్పుడు వెనక్కి రావాలో వాటికి తెలుసు, ఇంట్లోంచి మనుషులు లేచి కేకలేస్తారు. మీ లాబ్రడార్‌కు ఇందులో ఒక్కటీ లేదు. అపార్ట్‌మెంటులో పెరిగిన కుక్క ఎలుగును చూస్తే ముందు ఉత్సాహంగా మొరుగుతూ దాని మీదికి వెళ్తుంది. ఎలుగు ఒక్కసారి తిరగబడగానే భయపడి తనకు తెలిసిన ఒకే ఒక్క చోటికి, అంటే మీ దగ్గరికి, పరుగెత్తుకొస్తుంది. వెనకాలే ఎలుగు. ఏనుగు విషయంలోనూ ఇంతే. వదిలిన కుక్క వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే. అందుకే మేం చెప్పే జాగ్రత్తలన్నీ చివరికి రెండు విషయాల దగ్గరికే వస్తాయి: తాడు ఎప్పుడూ మనిషి చేతిలో ఉండాలి, బస బండలకు దూరంగా ఉండాలి.

మన ఎలుగు అమెరికా ఎలుగులాంటిది కాదు. అక్కడి నల్ల ఎలుగు వాసన పట్టి తిండి కోసం గుడారాల మీదికి వస్తుంది, వాళ్ళ సలహాలన్నీ ఆ అలవాటు చుట్టూ అల్లినవి. మనది చెదలు, చీమలు, తేనె, పండ్లు తినే జీవి. పై దవడలో ముందు వైపు మధ్య పళ్ళు రెండూ ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను గాలితో పాటు జుర్రుకుంటుంది, ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. తన చప్పుడులో తాను ఉంటే మీరొచ్చే అలికిడి దానికి వినపడదు. చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం గట్టిది. పది అడుగుల దూరంలో హఠాత్తుగా మనిషి ప్రత్యక్షమైతే పారిపోవడం కన్నా మీదపడటమే దాని పద్ధతి. పులులున్న అడవిలో తరతరాలు బతికిన జాతి అది. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా ఎక్కుతుంది, కాబట్టి ఎదురు తిరిగిన ఎలుగులే మిగిలాయి. మొరుగుతూ చుట్టూ తిరిగే కుక్కను అది మీ పెంపుడు ప్రాణిగా చూడదు, తన పిల్లల కోసం వచ్చిన శత్రువుగా చూస్తుంది. జాంబవంతుడి కథలు విని పెరిగిన మనకు ఎలుగంటే ఓ పెద్దమనిషిలా కనిపిస్తుంది. గుట్ట మీద ఎదురైనప్పుడు ఆ వరస పనికిరాదు.

ఇక ఆ మూడు సలహాలు. ఎలుగు స్ప్రే మన దగ్గర మామూలు దుకాణాల్లో దొరికే వస్తువు కాదు. ఆత్మరక్షణకు అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే రెండు మూడు మీటర్లకు మించి పోదు, ఎదురుగాలి ఉంటే మీ కళ్ళలోనే పడుతుంది, పక్కనున్న కుక్క ముక్కు సంగతి చెప్పనక్కర్లేదు. దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. మెడలో గంట వల్ల నష్టం లేదు కానీ, మనిషి గొంతు అంతకన్నా దూరం వెళ్తుంది, ఎవరొస్తున్నారో ఎలుగుకు స్పష్టంగా తెలుస్తుంది. చెట్టుకు తిండి కట్టడం మన దగ్గర మరీ అమాయకత్వం. తేనెపట్టు కోసం చెట్లెక్కే జంతువుకు మీ సంచి ఒక లెక్కా? స్టీలు డబ్బా, దాన్ని కారు డిక్కీలో పెట్టి తాళం, అంతే.

చోటు గురించి ఇప్పుడే యజమానికి ఫోన్ చేసి అడగండి. "ఎలుగు వస్తుందా" అంటే "భయం లేదు సార్" అనే అంటాడు, అది అతని వ్యాపారం. టెంటు వేసే చోటుకీ దగ్గరి బండలగుట్టకీ మధ్య ఎన్ని మీటర్లు? రాత్రి మరుగుదొడ్డికి ఎంత దూరం నడవాలి? చెత్త ఎక్కడ వేస్తారు? తోటలో పనస, మామిడి, సీతాఫలం, నేరేడు, రేగు కాపు మీద ఉన్నాయా? నీటి కుంట ఎటు వైపు? ఇలా అడిగితే దాటవేయలేడు. బండలకు రెండు మూడు వందల మీటర్లు దూరంగా, చుట్టూ చూపు ఆనే చదునైన నేల ఉంటే సరే. గుట్ట మొదట్లోనే, "వ్యూ బాగుంటుంది" అనే చోట టెంటు అంటే ఒప్పుకోకండి. ఆ బండల సందులే ఎలుగులు పగలు పడుకునే గదులు. కుక్కను తీసుకొస్తున్నట్టు కూడా ముందే చెప్పండి. తోటలో అతని కుక్కలు ఉంటే అర్ధరాత్రి కొట్లాటలు మొదలవుతాయి.

చేరాక యజమానినే కాదు, తోటలో పనిచేసేవాళ్ళను అడగండి. కన్నడంలో ఎలుగు కరడి, చిరుత చిరతె, ఏనుగు ఆనె. "ఇల్లి కరడి బరుత్తా? యావాగ?" అంటే చాలు, ఏ వేళ ఏ దారిన వస్తుందో చెప్పేస్తారు. ఆ తర్వాత వెలుగుండగానే కుక్కను తాడుతో పట్టుకుని బస చుట్టూ ఒక చుట్టు తిరగండి. ఈమధ్యే తవ్విన పుట్ట, లోపల తడి మట్టి, అంచుల మీద గోళ్ళ గీతలు ఉంటే అది ఎలుగు పని. దాని గోళ్ళు వేలెడు పొడవుంటాయి. పెంటలో పండ్ల గింజలు, చీమల చెదల ముక్కలు కలిసి కనిపిస్తాయి. వెనక కాలి అడుగు మనిషి పాదంలా ఉండి ముందు గోళ్ళ గుర్తులు పడతాయి. ఇవి టెంటుకు యాభై మీటర్ల లోపల తాజాగా కనిపిస్తే వేరే మూలకు మారండి. లేదంటే ఆ రాత్రికి గది అడగండి.

నెల కూడా చూసుకోవాలి. పిల్లలు ఎక్కువగా చలికాలంలో పుడతాయి, రెండు మూడు నెలలకు తల్లి వీపు మీదెక్కి బయటికొస్తాయి. వీపు మీద పిల్లలున్న తల్లి ఎవరినీ ఉపేక్షించదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పండ్ల కాలం, పైగా ఎండకు నీళ్ళ కోసం కిందికి దిగుతాయి. వానలు పడితే పుట్టలు మెత్తబడి తవ్వకం జోరందుకుంటుంది. అంటే ఎలుగు లేని నెల లేదు, మన ఎలుగు చలికాలంలో నిద్రపోయే రకం కూడా కాదు. వేళలు మాత్రం మన చేతిలో ఉన్నాయి. సాయంత్రం అయిదు దాటాక, పొద్దున ఏడుకు ముందు బస దాటి నడక వద్దు. సూర్యోదయం ఫోటో కోసం చీకట్లో గుట్టెక్కడం అసలే వద్దు, ఎలుగు మేత ముగించి ఇంటికి చేరే వేళ అదే.

చట్టం మాట ఒకటి. జాతీయ ఉద్యానంలోకీ అభయారణ్యంలోకీ పెంపుడు కుక్కను తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోకండి. మీరు వెళ్ళే వైపు రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం ఉంది, ఇటు బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా లోపల అడుగుపెట్టడమే తప్పు, ఇక టెంటు సంగతి చెప్పేదేముంది. తోట కంచె దాటితే అడవి శాఖ భూమి మొదలవుతుందేమో కూడా యజమానిని అడిగి తెలుసుకోండి. కుక్కల నుంచి అడవి జంతువులకు జబ్బులు అంటుకుంటాయన్నది ఉత్త మాట కాదు. 2018లో గిర్ సింహాలు చనిపోయినప్పుడు వాటిలో బయటపడింది కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరసే. మీ కుక్కకు రేబీస్ టీకా, డిస్టెంపర్, పార్వో, లెప్టో కలిపిన టీకా ఏడాది లోపల వేయించినవై ఉండాలి. గడువు దాటి ఉంటే కనీసం రెండు మూడు వారాల ముందే వేయించండి.

తాడు దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పిడి లోంచి సాగుతూ వచ్చే రకం తాడు ఇంట్లో వదిలేయండి. 28 కిలోల కుక్క ఒక్కసారి ఉరికితే ఆ సన్నటి తాడు తెగొచ్చు, లేదా పిడి చేతిలోంచి జారి కుక్క వెనకాలే లొడలొడా ఈడ్చుకుంటూ పోతుంది. ఆ చప్పుడుకు అది ఇంకా బెదిరి పరుగెడుతుంది. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నేత తాడు, లోహపు కొక్కెం, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ తీసుకోండి. హార్నెస్ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకన్నా వదులైతే వెనక్కి లాగినప్పుడు తల జారిపోతుంది. హార్నెస్‌నీ మెడపట్టీనీ కలుపుతూ చిన్న తాడు ముక్క, రెండు కొక్కేలు అదనంగా పెడితే ఒకటి ఊడినా రెండోది ఆపుతుంది. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు. పిడిలో బొటనవేలు పెట్టి గుప్పిట మూయండి, అవసరమైతే వదిలేయగలగాలి. పాప చేతికి తాడు ఇవ్వకండి, ఫోటోకి కూడా. ముప్పై కిలోల కుక్కను ఎనిమిదేళ్ళ పిల్ల ఆపలేదు.

టెంటులో కుక్క మీతోనే పడుకోవాలి. ముగ్గురు మనుషులకూ ఒక లాబ్రడార్‌కూ నలుగురి టెంటు ఇరుకే, అయిదారుగురిది తీసుకోండి. గోళ్ళకు అడుగు చిరగకుండా పాత దుప్పటో ఫోం చాపో పరచండి, బయల్దేరే ముందు రోజే గోళ్ళు కత్తిరించండి. జిప్పును కుక్క ముక్కుతో తోసి తెరవగలదు, కాబట్టి రెండు జిప్పు పిడులూ కలిపి చిన్న కొక్కెంతో బిగించండి. లోపలున్నా హార్నెస్ తీయకండి, తాడు మీ పక్కనే ఉండాలి. రాత్రి ఒకటికో రెంటికో కుక్క బయటికి వెళ్ళాలని అల్లరి చేస్తే ముందు టెంటులోంచే టార్చి చుట్టూ తిప్పి, గట్టిగా మాట్లాడి, ఇద్దరు పెద్దవాళ్ళూ కలిసి దిగండి. పది అడుగుల్లో పని ముగించి లోపలికి వచ్చేయండి. ఆ అవస్థే రాకుండా రాత్రి తిండి సాయంత్రం అయిదున్నరకే పెట్టి, పడుకునే ముందు టెంటు పక్కనే ఒకసారి తిప్పి తేవాలి.

దీనికి సాధన కావాలి. వెళ్ళే ముందు కనీసం మూడు రాత్రులు మేడ మీదో, హాల్లోనో టెంటు వేసి కుక్కతో పడుకోండి. వీధిలో ఏ బైకు చప్పుడుకో అది లేచి మొరిగినప్పుడు "చాలు" అనే ఒక్క మాటకు ఆగుతుందా, ఆగగానే ఒక బిస్కెట్టు ముక్క, మళ్ళీ మొరిగితే ఏమీ లేదు. మూడో రాత్రికి కూడా ప్రతి చప్పుడుకూ టెంటు గుడ్డ మీదికి దూకుతుంటే ఈసారికి దాన్ని తెలిసినవాళ్ళ ఇంట్లో వదిలి వెళ్ళండి. కుక్క మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కాదు, ఈ పనికి ఇంకా సిద్ధం కాలేదంతే.

వాసన విషయానికొస్తే, మన ఎలుగు తిండి కోసం టెంటు చించే రకం కాదన్నాం కదా అని వదిలేయడానికి లేదు. మీ జిల్లాలోనే కళ్యాణదుర్గం వైపు గుడుల్లో దీపాల నూనెకూ కొబ్బరికీ ఎలుగులు అలవాటు పడటం మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకూ పనసకూ వస్తాయి. కాబట్టి నూనె, నెయ్యి, బెల్లం, ఓళిగలు, వేరుశనగ పచ్చడి, అరటిపండ్లు, కొబ్బరి చిప్పలు, తేనె, కుక్క డ్రై ఫుడ్, ఇవన్నీ గట్టి మూత డబ్బాల్లో డిక్కీకి వెళ్ళాలి. టెంటులో పాప చాక్లెట్టు కూడా ఉండకూడదు. వంట టెంటుకు యాభై అరవై మీటర్ల దూరంలో చేయండి. చికెన్ కాల్చాలని ఉంటే పగలే కానిచ్చి, ఎముకలు మూట కట్టి వెంట తెచ్చేయండి. వాటికి ముందు నక్కలు, అడవిపందులు వస్తాయి, వాటి వెనక చిరుత. ఉడికిన ఎముక కుక్కకూ ప్రమాదమే, పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం.

కుక్క గిన్నె రాత్రి బయట ఉండకూడదు. 28 కిలోల లాబ్రడార్‌కు రోజుకు మూడు వందల నుంచి నాలుగు వందల గ్రాముల డ్రై ఫుడ్ పడుతుంది. ఇంట్లో పెట్టే కొలతకు పావు వంతు కలిపి, పూట పూటకీ విడివిడి పొట్లాలు కట్టుకోండి. ఇరవై నిమిషాల్లో తిననిది తీసేసి గిన్నె కడిగేయండి. నీళ్ళు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు, అంటే కదలకుండా ఉన్న రోజుకే లీటరున్నర. ఎండలో నడిస్తే మూడు లీటర్లు లెక్కేసుకోండి. కుంట నీళ్ళు తాగనివ్వద్దు, లెప్టో జబ్బు తెచ్చే బ్యాక్టీరియా అలాంటి నీళ్ళలోనే ఉంటుంది. కుక్క మలం రెండు సంచుల్లో మూటగట్టి చెత్తతో పాటు వెనక్కి తేవాలి. చిరుతకు "ఇక్కడ కుక్క ఉంది" అని చీటీ రాసి పెట్టడం ఎందుకు?

పగటి నడకలో మాట్లాడుతూ నడవండి. ఇయర్‌ఫోన్లు వద్దు. బండ మలుపుల దగ్గర, లాంటానా పొదల మధ్య సన్నదారి వచ్చినప్పుడు కర్రతో రాయి మీద తట్టండి. గాలి మీ ముఖానికి కొడుతుంటే మీ వాసన ముందున్న ఎలుగుకు చేరదు, అప్పుడు గొంతు ఇంకా పెంచాలి. ఇక్కడే కుక్క నిజంగా పనికొస్తుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ముక్కు పైకెత్తి, మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఒకే వైపు చూస్తూ సన్నగా గుర్రుమంటే ఏం చూసిందో వెతకొద్దు. తాడు కురచ చేసి వచ్చిన దారినే వెనక్కి తిరగండి. ఉత్త ఉడతకే అయినా పోయేదేముంది?

ఎలుగు యాభై మీటర్ల అవతల కనిపించి మిమ్మల్ని గమనించకపోతే కుక్క తలను మీ మోకాలి వెనక్కి తిప్పి, చప్పుడు లేకుండా వెనక్కి నడవండి. రాళ్ళు విసరద్దు. దగ్గర్లో ఎదురై మిమ్మల్ని చూస్తే పరుగు వద్దు, మనిషి కన్నా అది వేగం. చెట్టూ వద్దు, అదీ ఎక్కుతుంది. పాప మీ వెనక, కుక్క మీ పక్కన కురచ తాడు మీద, కర్ర ముందుకు. మామూలు గొంతుతో మాట్లాడుతూ ఒక్కో అడుగు వెనక్కి వేయండి. చాలాసార్లు అది ముందుకు ఉరికి, ఆగి, పక్కకు తప్పుకుపోతుంది. నిజంగా మీద పడితే అప్పుడు తాడు వదిలేయండి. ఆ క్షణంలో కుక్కను పట్టుకుని ఉంటే ఇద్దరికీ కదలడానికి చోటు ఉండదు, వదిలితే అది తన ప్రాణం తాను కాపాడుకుంటుంది. మీరు బోర్లా పడి, ముఖం నేలకేసి, వేళ్ళు అల్లి మెడ వెనక పెట్టి కదలకుండా ఉండండి. ఎలుగు గాయాలు ఎక్కువగా తలకూ ముఖానికీ అవుతాయి కాబట్టే ఈ జాగ్రత్త. సాధారణంగా దాడి కొద్ది సేపే ఉంటుంది. అది వెళ్ళిందని తేలేదాకా లేవద్దు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం మొదటి పని. రక్తం అదుపులోకొచ్చాక గాయాన్ని సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. 108కి ఫోన్ చేయండి. అడవి జంతువు కరిచినా గీరినా రేబీస్ టీకాతో పాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్, టెటనస్ సూది తప్పనిసరి అని మీరే గుర్తుచేసి అడగండి. కుక్కకు పైకి చిన్న చిల్లులా కనిపించినా లోపల కండ చిరిగి ఉండొచ్చు, ఇంటి దగ్గర పసుపు అద్ది ఊరుకోకండి. రామనగరలోగానీ దారిలోగానీ రాత్రి తెరిచి ఉండే పశువైద్యుడి నంబరు బయల్దేరే ముందే ఫోన్లో పెట్టుకోండి.

చివరికి మీ కుక్కకు ఎలుగు కన్నా ఖాయంగా ఎదురయ్యేవి ఎండ, పిడుదులు. మధ్యాహ్నం బండ మీద మీ అరచేయి ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ నిలవలేవు. పిడుదులకు నమిలే మాత్ర ప్రయాణానికి వారం ముందే డాక్టరును అడిగి వేయండి. రోజూ సాయంత్రం చెవుల లోపల, చంకల్లో, కాలి వేళ్ళ సందుల్లో, తోక కింద వెతకండి. దొరికినదాన్ని చర్మానికి ఆనుకుని పట్టకారుతో పట్టి నిటారుగా లాగాలి, నూనె పోయడం, నిప్పు చూపడం వద్దు. ఇంటికొచ్చిన మూడు వారాల లోపు జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి, గుట్టల వైపు వెళ్ళొచ్చిన సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.